వాహన రుణం నుంచి పేరు తీయించుకోవడం: షూరిటీలు, కో-అప్లికెంట్లు తెలుసుకోవాల్సింది

మన వాడల్లో నెలజీతం వచ్చే మనిషి ఒక్కరుంటే, ఆ జీతం స్లిప్పు వాడందరిదీ. స్కూలు టీచరు, ఆర్టీసీ కండక్టరు, మునిసిపాలిటీలో పర్మినెంటు అయిన పారిశుద్ధ్య కార్మికురాలు. బావమరిది ట్యాక్సీ కొనాలన్నా, అన్న కొడుకు ట్రాలీ ఆటో తీసుకోవాలన్నా ఫైనాన్స్ కంపెనీ మొదట అడిగేది "షూరిటీ ఎవరు?" అనే. భూమి, ఇంటి కాగితాలు, ఐటీ రిటర్నులు ఉన్న ఇళ్లలో ఆ ప్రశ్న పెద్దగా ఇబ్బంది పెట్టదు. తరాలుగా ఆస్తికి దూరంగా ఉంచిన కులాల్లో ఆస్తికి బదులు తాకట్టు పడేది మనిషి పేరు.

రెండేళ్లు గడిచాక ఆ టీచరు తన ఇంటికి లోను అడుగుతుంది. "మీ పేరు మీద ఇప్పటికే ఒక కారు లోను ఉంది కదమ్మా" అంటాడు బ్యాంకు మేనేజరు. లేదా బండి తీసుకున్నవాడు కిస్తీలు కట్టడం ఆపేస్తాడు. లేదా భార్యాభర్తలు విడిపోతారు, కారు ఒకరి దగ్గర, అప్పు ఇద్దరి మీదా ఉంటుంది. అప్పుడు అందరూ అడిగే ప్రశ్న ఒకటే: నా పేరు తీసేయించుకోవడం ఎలా?

మీరొక్కరే లెటరు రాసిస్తే పేరు పోదు. అలాగని దారే లేదనుకోవడమూ తప్పే. ముందు ఆ పేరు ఎక్కడెక్కడ రాసి ఉందో చూడాలి.

పేరు మూడు చోట్ల ఉంటుంది

మొదటిది లోను అగ్రిమెంటు. అందులో మీరు కో-అప్లికెంటా, షూరిటీయా అన్నది చాలామందికే తెలియదు. చూపించిన చోటల్లా సంతకం పెట్టి వచ్చి ఉంటారు. కో-అప్లికెంటు అంటే అప్పు తీసుకున్న ఇద్దరిలో ఒకరు. షూరిటీ అంటే అతను కట్టకపోతే నేను కడతానని మాటిచ్చిన మనిషి. చట్టం ముందు ఇద్దరి స్థానాలు వేరు. షూరిటీకి కాంట్రాక్టు చట్టంలో కొన్ని రక్షణలున్నాయి, కో-అప్లికెంటుకు అవి లేవు. ఫారంలో "రిఫరెన్స్" అని రాసిన పేర్లు కూడా ఉంటాయి. సంతకం లేకుండా కేవలం ఫోన్ నంబరు ఇచ్చిన రిఫరెన్స్ మనిషికి అప్పుతో ఏ సంబంధమూ లేదు. కలెక్షన్ ఏజెంట్లు వాళ్లకూ ఫోన్లు చేసి బెదిరిస్తుంటారు, అది వేరే సంగతి.

రెండోది ఆర్‌సీ. బండి ఎవరి పేరున రిజిస్టరయిందో, ఏ కంపెనీ పేరున హైపోథికేషన్ ఉందో అందులో ఉంటుంది. లోనులో పేరున్నంత మాత్రాన ఆర్‌సీలో ఉండదు, ఆర్‌సీలో మారినంత మాత్రాన లోనులో మారదు. మూడోది సిబిల్ లాంటి క్రెడిట్ బ్యూరోల రికార్డు. దేశంలో ఇలాంటి కంపెనీలు నాలుగున్నాయి: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. ఏడాదికోసారి ప్రతి కంపెనీ నుంచీ పూర్తి రిపోర్టు ఉచితంగా తీసుకునే హక్కు మనకుంది. ముందు ఆ రిపోర్టు తీయండి. మీరు కో-అప్లికెంటా, షూరిటీయా అన్నది అందులో ఖాతా పక్కనే కనిపిస్తుంది.

ఆర్‌సీ గురించి మరో ముఖ్యమైన మాట. జీతం ఉన్నవారి పేరున బండి కొని, నడిపేది మరొకరు కావడం మన దగ్గర మామూలే. 2018లో నవీన్ కుమార్ వర్సెస్ విజయ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఏమందంటే, బండి అమ్మేసినా రిజిస్టర్లో ఎవరి పేరుంటే చట్టం దృష్టిలో వారే యజమాని, ప్రమాద పరిహారం బాధ్యత వారిదే. ఇన్సూరెన్సు లేని బండి ఎవరినైనా గుద్దితే నోటీసు వచ్చేది స్టీరింగ్ పట్టుకోని మీకే. లోను నుంచి పేరు తీయించుకుని ఆర్‌సీలో వదిలేస్తే సగం పనే అయినట్టు.

సంతకం ఎందుకు వెనక్కి రాదు

భారత కాంట్రాక్టు చట్టం 1872 నాటిది. దాని 128వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరేగా రాసుకుంటే తప్ప, షూరిటీ బాధ్యత అసలు అప్పుదారు బాధ్యతతో సమానం. "ముందు వాడి దగ్గర వసూలు చేసుకోండి, దొరక్కపోతే నా దగ్గరకు రండి" అనే మాట కోర్టులో చెల్లదు. బ్యాంక్ ఆఫ్ బిహార్ వర్సెస్ దామోదర్ ప్రసాద్ కేసులో సుప్రీంకోర్టు 1960ల చివరిలోనే ఈ సంగతి తేల్చేసింది. అప్పిచ్చినవాడు ఇద్దరిలో ఎవరినైనా ముందుగా పట్టుకోవచ్చు. నెలజీతం ఉన్నవారిని పట్టుకోవడమే తేలిక కాబట్టి మొదట వచ్చేది వారి గుమ్మానికే.

130వ సెక్షన్ చదివి, నోటీసిస్తే గ్యారంటీ రద్దవుతుందని కొందరు అనుకుంటారు. ఆ సెక్షన్ వర్తించేది మాటిమాటికీ వాడుకునే అప్పులకు, అంటే క్యాష్ క్రెడిట్ లాంటి వాటికి. అక్కడ కూడా ఇకముందు తీసుకునే అప్పుకే రద్దు. బండి లోను డబ్బు ఒకేసారి షోరూముకు వెళ్లిపోయింది, ఇక రద్దు చేయడానికి మిగిలింది లేదు. కో-అప్లికెంటు విషయంలో 43వ సెక్షన్ ఇంకా సూటిగా ఉంది: కలిసి మాటిచ్చిన వారిలో ఎవరి దగ్గరైనా మొత్తం వసూలు చేయవచ్చు. ఎక్కువ కట్టినవారు మిగతావారి వాటా రాబట్టుకోవడం తర్వాతి పని.

ఒకరి అప్పుకు మరొకరు బందీ కావడం మన సమాజానికి కొత్త కాదు. 1976 వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం వెట్టి అంటే ఏమిటో నిర్వచిస్తూ, అప్పుదారు కట్టకపోతే అతని బదులు షూరిటీ చాకిరీ చేసే ఒప్పందాన్ని కూడా అందులో చేర్చింది. ఆ చట్టం రాసినవారికి పాలేర్ల బతుకు తెలుసు. ఇవాళ చాకిరీ అడగరు, జీతం అడుగుతారు.

బయటపడే దారులు

అన్నిటికన్నా ఖాయమైన దారి అప్పు తీర్చేయడం. బండి అమ్మి అయినా సరే. హైపోథికేషన్ ఉన్న బండిని కంపెనీ రాతపూర్వక అనుమతి లేకుండా మరొకరి పేరున మార్చడం కుదరదు. అందుకని మొదట ఫోర్‌క్లోజర్ స్టేట్‌మెంటు అడగాలి. ఫలానా తేదీకి ఎంత కడితే ఖాతా మూతపడుతుందో అందులో ఉంటుంది. కారు లోన్లు ఎక్కువగా ఫిక్స్‌డ్ వడ్డీవి కాబట్టి ముందస్తు చెల్లింపు చార్జీ ఉండొచ్చు, అగ్రిమెంటులో చూసుకోండి. ఎస్సీ కార్పొరేషన్ సబ్సిడీతో తీసుకున్న బండి అయితే ఇంకో జాగ్రత్త కావాలి. సబ్సిడీ సొమ్మును బ్యాంకులో కొంతకాలం విడిగా ఉంచి చివర్లో జమ చేసే పథకాల్లో, గడువుకు ముందే లోను మూసేస్తే సబ్సిడీ పోవచ్చు. మంజూరు పత్రం చదవకుండా తొందరపడకూడదు.

రెండో దారి, బండి వాడుకునే మనిషి తన ఒక్కడి పేరున కొత్త లోను తీసుకుని పాతది తీర్చేయడం. మాటగా తేలికే. ఆటో, ట్యాక్సీ నడిపేవారికి ఆదాయం చూపించే కాగితం లేకపోవడం వల్లే కదా మొదట షూరిటీ అవసరమైంది! అందుకని దీనికి ఏడాది ముందు నుంచే సిద్ధం కావాలి. కిస్తీలు షూరిటీ ఖాతా నుంచి కాక బండి నడిపేవారి సొంత ఖాతా నుంచే వెళ్లాలి. రోజువారీ సంపాదనలో కొంతైనా ఆ ఖాతాలో పడాలి. పన్ను కట్టాల్సినంత ఆదాయం లేకపోయినా రిటర్ను దాఖలు చేయవచ్చు. పన్నెండు కిస్తీలు తేదీ తప్పకుండా కట్టిన స్టేట్‌మెంటు చేతిలో ఉంటే మేనేజరుతో మాట్లాడే తీరే మారుతుంది.

మూడోది షూరిటీని మార్చడం. కంపెనీలు దీన్ని తమంతట తాము చెప్పవు, అడిగితే కూడా మొదట "సిస్టమ్‌లో ఆప్షన్ లేదు" అంటాయి. కాంట్రాక్టు చట్టం 62వ సెక్షన్ ప్రకారం అందరూ ఒప్పుకుంటే పాత ఒప్పందం స్థానంలో కొత్తది రాసుకోవచ్చు. ఒప్పుకోవడం మాత్రం కంపెనీ ఇష్టం. కాబట్టి వట్టి చేతులతో వెళ్లొద్దు. "నన్ను తీసేయండి" అని కాదు, "నా బదులు ఫలానావారు వస్తున్నారు, వారి జీతం కాగితాలు ఇవిగో" అనో, "మిగిలిన అసలులో ఇంత ఇప్పుడే కడుతున్నాం, ఇక బండి విలువే బాకీకి సరిపోతుంది, షూరిటీ అవసరం లేదు" అనో వెళ్లాలి. దరఖాస్తు మీద అప్పుదారు, షూరిటీ ఇద్దరూ సంతకం చేయాలి. ఒప్పుకుంటే "ఫలానా తేదీ నుంచి ఈ షూరిటీని బాధ్యత నుంచి విడుదల చేశాం" అని లెటర్‌హెడ్ మీద రాయించుకోవాలి. కొత్త షూరిటీ సంతకం పెట్టారు కదా అని ఊరుకుంటే పాత పేరు అలాగే ఉండిపోయి ఇద్దరూ ఇరుక్కుంటారు.

చట్టం తానే విడిపించే సందర్భాలు

ఇవి షూరిటీకి మాత్రమే. షూరిటీకి చెప్పకుండా అప్పు షరతులు మారిస్తే, ఆ తర్వాతి లావాదేవీలకు షూరిటీ బాధ్యత ఉండదంటుంది 133వ సెక్షన్. అప్పుదారును వదిలేస్తే షూరిటీ కూడా విడుదలవుతారు, ఇది 134. షూరిటీ సమ్మతి లేకుండా అప్పుదారుతో రాజీపడినా, గడువిస్తామని ఒప్పందం చేసుకున్నా విడుదలే, ఇది 135. ఊరికే ఓపిక పట్టి దావా వేయకపోవడం మాత్రం దీని కిందకు రాదు.

మన కేసుల్లో ఎక్కువ పనికొచ్చేది 141. అప్పుకు హామీగా ఉన్న ఆస్తిని కంపెనీ పోగొడితే, లేదా షూరిటీ సమ్మతి లేకుండా వదిలేస్తే, ఆ ఆస్తి విలువ మేరకు షూరిటీ బాధ్యత తగ్గిపోతుంది. స్టేట్ ఆఫ్ మధ్యప్రదేశ్ వర్సెస్ కాలూరాం కేసులో వాయిదా సొమ్ము కట్టకుండానే కాంట్రాక్టరు కలప తరలించుకుపోతుంటే అటవీ అధికారులు ఊరుకున్నారు. షూరిటీ నుంచి వసూలు చేయబోతే సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. బండికి ఇదే లెక్క వేసి చూడండి. ఆర్‌సీలో హైపోథికేషన్ ఎక్కించడం కంపెనీ మరిచిపోయి, అప్పుదారు బండి అమ్ముకుపోతే ఆ నష్టం షూరిటీ నెత్తిన రుద్దడం అంత సులువు కాదు. పరివాహన్ సైట్లో బండి నంబరు కొట్టి హైపోథికేషన్ ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి.

అయితే కంపెనీల లాయర్లూ ఈ సెక్షన్లు చదివినవారే. "133 నుంచి 141 వరకు సెక్షన్ల కింద నాకున్న హక్కులు వదులుకుంటున్నాను" అనే వాక్యం అచ్చుఫారాల్లో తరచూ ఉంటుంది. అలాంటి షరతులను కోర్టులు సమర్థించిన సందర్భాలూ ఉన్నాయి. అగ్రిమెంటు కాపీ చూడకుండా ఈ వాదన మీద ఆశ పెట్టుకోవద్దు. మోసంతోనో, ముఖ్యమైన విషయం దాచిపెట్టో కంపెనీ తీసుకున్న గ్యారంటీ చెల్లదని 142, 143 సెక్షన్లు చెబుతాయి. ఖాళీ కాగితాల మీద సంతకాలు పెట్టించుకున్నారని, సంతకమే ఫోర్జరీ అని అనుమానం ఉన్నవారు లాయరును కలవాల్సింది ఈ సెక్షన్లతోనే.

కిస్తీలు ఆగిపోయినప్పుడు

ఇక్కడ ఆలస్యం చేసేకొద్దీ నష్టం. ఎక్కువమంది సిగ్గుతోనో, చుట్టరికం చెడుతుందనో ఆరు నెలలు మౌనంగా ఉంటారు. ఆ ఆరు నెలలూ వడ్డీ మీద వడ్డీ పడుతుంది, బండి విలువ తగ్గుతుంది, సిబిల్‌లో ఇద్దరికీ మచ్చ పడుతుంది.

మొదటి కిస్తీ తప్పిందని తెలిసిన వారంలోనే కంపెనీకి ఉత్తరం రాయండి, రిజిస్టర్డ్ పోస్టులోగానీ ఈమెయిల్లోగానీ. లోను నంబరు, మీరు షూరిటీ అన్న సంగతి, బండి ప్రస్తుతం ఎవరి దగ్గర ఎక్కడ ఉందో రాసి, "ముందు బండిని స్వాధీనం చేసుకోండి, బండి పోయినా పాడైనా ఆ విలువ మేరకు నా బాధ్యత ఉండదు, నాకు చెప్పకుండా గడువు పెంచడానికీ షరతులు మార్చడానికీ నా సమ్మతి లేదు" అని స్పష్టంగా పెట్టండి. బాకీ స్టేట్‌మెంటు, అగ్రిమెంటు కాపీ అడగండి. రేపు కోర్టులో మీ చేతిలో ఉండే ఆయుధం ఇదే.

కంపెనీ మనుషులు "బ్యాలెన్స్ కన్ఫర్మేషన్" అని ఒక కాగితం తెచ్చి సంతకం అడిగితే ఆగండి. బాకీ ఉందని రాతపూర్వకంగా ఒప్పుకుంటే, కాలపరిమితి చట్టం 18వ సెక్షన్ కింద దావా గడువు మళ్లీ మొదటి నుంచి లెక్కలోకి వస్తుంది.

బండి గుంజుకుపోవడానికి కూడా పద్ధతి ఉంది. 2007లో ఐసీఐసీఐ బ్యాంక్ వర్సెస్ ప్రకాశ్ కౌర్ కేసులో గూండాలను పెట్టి బండ్లు లాక్కోవడాన్ని సుప్రీంకోర్టు తప్పుబట్టింది. స్వాధీనానికి ముందు నోటీసు ఎన్నాళ్లు, వేలానికి ముందు చివరి అవకాశం ఎలా ఇస్తారు అన్నది ఎన్‌బీఎఫ్‌సీల అగ్రిమెంటులో ఉండి తీరాలని రిజర్వు బ్యాంకు నియమం. వేలం తేదీ మీకూ తెలపాలని రాసి అడగండి. నాలుగు లక్షల బండిని రెండు లక్షలకు కొట్టేసి మిగతాది షూరిటీ మీద వేయడం దగ్గరే అసలు నష్టం జరుగుతుంది.

ఉదయం 8 గంటలకు ముందు, సాయంత్రం 7 తర్వాత రికవరీ ఏజెంట్లు ఫోన్ చేయకూడదని రిజర్వు బ్యాంకు 2022లో చెప్పింది. నలుగురిలో అవమానించడం, బంధువులను వేధించడం నిషిద్ధం. ఏజెంటు ఎస్సీ, ఎస్టీ కానివాడై, నలుగురూ చూసే చోట కులం పేరుతో తిడితే అది రికవరీ గొడవ కాదు, అత్యాచారాల నిరోధక చట్టం 3(1)(ఆర్), 3(1)(ఎస్) కింద నేరం. 2020 హితేశ్ వర్మ తీర్పు తర్వాత "నలుగురూ చూసే చోటు" అన్న మాట మీదే కేసులు వీగిపోతున్నాయి. నాలుగ్గోడల మధ్య, బయటివారెవరూ లేనప్పుడు తిట్టినదానికి ఆ సెక్షన్లు నిలబడటం కష్టం. కాబట్టి సంఘటన ఇంటి ముందు, వీధిలో జరిగితే అక్కడున్నవారి పేర్లు ఆ రోజే రాసిపెట్టుకోండి.

"జీతమంతా జప్తు చేయిస్తాం" అన్నది బెదిరింపే. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ ప్రకారం, కోర్టు డిక్రీ వచ్చాక కూడా మొదటి 1,000 రూపాయలు, మిగిలిన దానిలో మూడింట రెండు వంతులు ముట్టుకోకూడదు. కోర్టు ఆదేశం లేకుండా జప్తు అసలే లేదు.

చివరికి మీరే కట్టాల్సి వస్తే ప్రతి రసీదూ మీ పేరున తీసుకోండి. కట్టిన షూరిటీకి కంపెనీ హక్కులన్నీ దఖలు పడతాయి (140), అప్పుదారు నుంచి ఆ సొమ్ము రాబట్టుకునే హక్కూ ఉంటుంది (145). ఇద్దరు షూరిటీలుంటే భారం సమానం (146). దావాకు మూడేళ్ల గడువు.

విడాకులు, మరణం

కారు లోను భర్తే కట్టాలని ఫ్యామిలీ కోర్టు ఆదేశించినా బ్యాంకు దానికి కట్టుబడదు, బ్యాంకు ఆ కేసులో లేదు కాబట్టి. రాజీ పత్రంలో "ఇన్ని రోజుల్లో లోను తన ఒక్కడి పేరున మార్చుకోవాలి, లేదా బండి అమ్మి తీర్చాలి" అని రాయించుకోవాలి. అప్పుదారు చనిపోతే షూరిటీ బాధ్యత పోదు. వారసుల మీద భారం వారికి దక్కిన ఆస్తి మేరకే. లోనుతో పాటు ఇన్సూరెన్సు కట్టించుకున్నారేమో వెంటనే చూడాలి, చాలా ఇళ్లలో ఆ పాలసీ ఉన్నట్టే తెలియదు. ఆర్‌సీ మార్పుకు ఆర్‌టీఓలో ఫారం 31.

కాగితం పూర్తయ్యేదాకా

లోను తీరాక నో డ్యూస్ సర్టిఫికెట్లో అప్పుదారు పేరుతో పాటు మీ పేరూ ఉండాలి. ఫారం 35 మీద కంపెనీ సంతకం తీసుకుని ఆర్‌టీఓలో హైపోథికేషన్ తీయించాలి. వ్యక్తిగత రుణాలు పూర్తిగా తీరిన 30 రోజుల్లో అసలు పత్రాలు తిరిగి ఇవ్వాలని, తమ తప్పు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయలు చెల్లించాలని రిజర్వు బ్యాంకు 2023 సెప్టెంబరులో ఆదేశించింది. సిబిల్‌లో తప్పు సరిదిద్దమని ఫిర్యాదు చేశాక 30 రోజులు దాటితే రోజుకు 100 రూపాయల పరిహారం ఉంది.

వన్ టైమ్ సెటిల్‌మెంటు, లోక్ అదాలత్ రాజీల్లో ఒక చిక్కుంది. తగ్గించి కట్టిన ఖాతా "క్లోజ్డ్" అని కాక "సెటిల్డ్" అని నమోదవుతుంది. తర్వాత లోను అడిగినప్పుడు షూరిటీకి కూడా అది అడ్డం పడవచ్చు. లోక్ అదాలత్ అవార్డు మీద అప్పీలు లేదు. కాబట్టి సంతకానికి ముందే "షూరిటీ పూర్తిగా విడుదల" అన్న వాక్యం అందులో ఉందో లేదో చూడండి.

కంపెనీ 30 రోజుల్లో జవాబివ్వకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు, సమాచారానికి 14448. షూరిటీని విడుదల చేయాలా వద్దా అన్నది కంపెనీ వ్యాపార నిర్ణయం, అందులో అంబుడ్స్‌మన్ జోక్యం చేసుకోరు. ఫిర్యాదును "కాపీ ఇవ్వలేదు, జవాబివ్వలేదు, లోను తీరినా రికార్డు మార్చలేదు, ఏజెంటు వేధించాడు" అనే రూపంలో రాస్తేనే నిలుస్తుంది. కోర్టు దాకా వెళ్తే, న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ కింద ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత లాయరు దొరుకుతారు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి.

ఇంకా సంతకం పెట్టనివారికి ఒక్క సంగతి. బండి స్వయంఉపాధికైతే షూరిటీ తప్పనిసరి అన్న మాటను అలాగే నమ్మొద్దు. సూక్ష్మ, చిన్న సంస్థల కోసం కేంద్రం పెట్టిన క్రెడిట్ గ్యారంటీ నిధి ఉద్దేశమే పూచీకత్తు, మూడో మనిషి హామీ లేకుండా రుణం ఇప్పించడం. ముద్ర రుణాలూ పూచీకత్తు లేనివే. తెలంగాణలో 2021లో మొదలైన దళితబంధులో కుటుంబానికి 10 లక్షలు బ్యాంకు రుణం లేకుండా ఇచ్చినప్పుడు ఎంతోమంది కార్లు, ట్రాక్టర్లు కొన్నారు, ఎవరి జీతం స్లిప్పూ తాకట్టు పడలేదు. ప్రభుత్వ రంగ బ్యాంకు షూరిటీ తెమ్మంటే, ఏ నియమం కింద అడుగుతున్నారో రాసిమ్మని అడగండి. రాసివ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబు రావాలి.